పాడుపడిన గడ్డిబీడును తిరిగి పంటకు తెచ్చుట

మెట్ట గ్రామములలో ఉగాది దాటిన తరువాత పశువుల కొట్టములు చూచినచో ఆ ఊరి సంవత్సరము ఎట్లు గడచినదో ఎవరూ చెప్పకయే తెలియును. గడ్డివామి అడుగు పట్టిన రైతు కాలువ క్రింది ఊళ్ళనుండి ట్రాక్టరుపై వరిగడ్డి తెప్పించుకొనవలెను. అప్పుడు అమ్మువాడు చెప్పినదే ధర. కొనలేనివాడు ముందు వట్టిపోయిన గేదెను, ఆ తరువాత కాడి ఎద్దులలో ఒకదానిని సంతకు తోలును. వేసవిలో అమ్మిన పశువును తొలకరిలో తిరిగి అదే ధరకు కొనుట ఎంత కష్టమో పశువులున్న ప్రతి ఇంటివారికి తెలిసిన విషయమే.

కాలువ క్రింది గడ్డి కూడ పూర్వమువలె దొరకుట లేదు. వరి కోత యంత్రములు వచ్చిన తరువాత గడ్డి నలిగి మడిలోనే చెల్లాచెదరగుచున్నది. దానిని చుట్టలుగా కట్టు బేలరు యంత్రము అందినచోట కొంత దక్కుచున్నది. అందనిచోట మరు పైరుకు త్వరపడి తగులబెట్టుచున్నారు. పోనీ, దొరికిన వరిగడ్డి అయినను కడుపు నింపునేగాని ఒంటికి పట్టునది తక్కువ. దానిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు మించవు.

ఇంతలో అదే ఊరి వెలుపల, కొండవాలుననో చెరువు వెనుకనో, ఐదో పదో ఎకరముల గడ్డిబీడు చిల్లకంప క్రింద పడియుండును. ఒకప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి పెరుగుచుండెననియు, దసరా నాటికి కోసి బండ్లతో తోలుకొనుచుండిరనియు పెద్దవారు చెప్పుదురు. ఒంగోలు జాతి పశువులకు పేరు తెచ్చిన ప్రాంతములో నల్లరేగడి పల్లములలోని చెంగలి గడ్డి, ఎర్రనేల వాలులలోని నెండ్ర గడ్డి ఇట్టి బీళ్ళ పంటయే. ఇప్పుడు అటువంటి బీటిలోనికి పోయినచో కాలికి ముల్లు, పంచెకు పందిముల్లు గడ్డి సూదులు తప్ప మరేమియు దొరకదు.

ఇటువంటి బీడును చూచి "నేల చచ్చిపోయినది, దున్ని మరేదైన వేయవలసినదే" అనువారు పెక్కుమంది. మా అభిప్రాయము వేరు. నూటికి డెబ్బది బీళ్ళలో నేల చావలేదు, గడ్డియు పూర్తిగా చావలేదు. మంచి గడ్డి దుబ్బులు కంప మొదళ్ళలో, రాళ్ళ సందులలో, పశువు నోరు అందనిచోట ఇంకను బ్రతికియున్నవి. వానిని చంపుచున్నవి మూడు: కాపుదల లేని మేపు, వేళ మించిన కోత, ఏటేటా పెట్టు నిప్పు. ఈ మూటిని ఆపకుండ విత్తనమునకు, ఎరువునకు పెట్టు డబ్బు గాలిలో పోసినట్లే. ఆపినచో మొదటి సంవత్సరము పెద్ద ఖర్చు లేకయే బీడు సగము కోలుకొనును.

ముందు బీడును చూడవలెను

పని మొదలుపెట్టు ముందు ఆగస్టు నెలాఖరున, అనగా మఖ కార్తె వెళ్ళు రోజులలో, బీడంతయు ఒకసారి తిరుగవలెను. గడ్డి గుర్తుపట్టుటకు అదియే అనువైన సమయము, వెన్నులు తొంగిచూచుచుండును. ఒక మూలనుండి ఎదుటి మూలకు నడచుచు పది అడుగుల కొకసారి ఆగి, కాలి బొటనవ్రేలి మొనకు ఏమి తగులుచున్నదో ఒక కాగితముపై గీత పెట్టుకొనవలెను: మంచి గడ్డియా, పనికిరాని గడ్డియా, కలుపా, ఉత్త నేలయా. ఇట్లు నూరు గీతలు వచ్చువరకు అడ్డముగను నిలువుగను నడచినచో బీడు స్థితి కంటి అంచనాకన్న నిక్కముగా తెలియును. వ్రాయుటకు వచ్చిన పిల్లవానిని వెంట తీసికొనిపోయినచో పని ఒక పూటలో ముగియును.

గడ్డి తానే నేల చరిత్ర చెప్పును. ఝాన్సీలో 1962లో స్థాపింపబడిన భారత గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థ ఇట్టి విషయములను పరిశీలించుచున్నది. దేశములోని గడ్డిభూములను ఐదు తరగతులుగా విభజించి 1973లో ప్రచురించిన సర్వేలో మన దక్కను పీఠభూమి నెండ్ర, మార్వెల్ జాతుల తరగతిలో చేరినది. ఈ తరగతి బీడును మితిమీరి మేపినచో ముందుగా తగ్గునది నెండ్ర. దాని స్థానమున పందిముల్లు గడ్డి వచ్చును. దానిని కూడ మేపి, కాల్చి, త్రొక్కించినచో పొట్టి చీపురు గడ్డి వచ్చును. ఆ పిమ్మట ఉత్త నేల. కనుక పందిముల్లు గడ్డి నిండిన బీడు జబ్బుపడిన బీడే కాని చచ్చిన బీడు కాదు. దిగివచ్చిన మెట్లనే ఎక్కి తిరిగి పోవచ్చును. చీపురు గడ్డి ఎక్కువగానున్నచోట మాత్రము చాల కాలము పట్టును. వెంపలి మొక్కలు కనబడినచో సంతోషింపవలెను. అది పప్పుజాతి మొక్క, నేలకు నత్రజని కూర్చునది.

నూరు గీతలలో మంచి గడ్డి ముప్పదికి మించినచో విత్తనము కొనవలసిన పని లేదు, కాపుదల చాలును. పది నుండి ముప్పది వరకు ఉన్నచో ఉత్త నేల కనబడిన చోట్ల మాత్రమే విత్తనము చల్లవలెను. పదికి తక్కువైనచో వాలుకు అడ్డముగా పట్టెలు దున్ని విత్తవలెను. ఇది చేతి లెక్కయే. నేలనుబట్టి కొంచెము అటునిటు కావచ్చును.

కంప తీయుట

చిల్లకంప అనినను, సర్కారు తుమ్మ అనినను, సీమతుమ్మ అనినను ఒకటే చెట్టు. ఇది మన దేశపుది కాదు. వంటచెరకు కొరత తీరునని తలచి 1877–78లో విదేశపు విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురములో నాటిరి. వంటచెరకు దొరికిన మాట నిజమే. బొగ్గు బట్టీలవారికి ఈనాటికిని అదియే ఆధారము. కాని దాని కాయలు తీపి. పశువులు, గొర్రెలు, మేకలు ఆశగా తినును. గింజ మాత్రము అరుగదు. పేడతోపాటు బీడంతయు పడి, ఆ పేడనే ఎరువు చేసికొని మొలచును. కాయల కాలములో కంపలో మేసిన మందను శుభ్రపరచిన బీటిలోనికి నేరుగా తోలుట విత్తనము చేతులారా వెదజల్లుటయే. అట్టి పశువులను నాలుగైదు రోజులు కొట్టములో కట్టి మేపి, పిమ్మట విడువవలెను.

కంపను గొడ్డలితో నేలకు సమముగా నరికించి "తీయించితిమి" అనుకొనువారు మరుసటి సంవత్సరము ఒక మొదటికి పది కొమ్మలు చూతురు. మొదలు నేలలోనికి దిగినచోట, వేరు చీలుటకు పైన, చిగుళ్ళు పుట్టు ముడి ఉండును. నేలను జానెడు లోతు తవ్వి ఆ ముడి క్రింద నరికిననే చెట్టు చచ్చును. ఇందుకు వానలు ఆగి నేల ఇంకను మెత్తగానుండు నవంబరు, డిసెంబరు నెలలు మంచివి; వేసవిలో గడ్డపార దిగదు. కట్టెను కొనువారు సాధారణముగా మొదళ్ళు తవ్వుటకు ఇష్టపడరు. కనుక కట్టె బేరమాడునప్పుడే మొదలు తవ్వితీయుట కూడ బేరములో చేర్చి, తవ్వినంత మేరకే డబ్బు తీసికొనవలెను. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోవుట వలన కట్టె పోయి కంప మిగిలిన బీళ్ళు ఎన్నో కలవు.

యంత్రముతో ఒక్కసారి పదెకరములు పెకలించుట చూచుటకు బాగుండును. చదును నేలలో పరవాలేదు. వాలు నేలలో మాత్రము అట్లు చేయరాదు. తొలకరి వానకు పైమన్ను కొట్టుకొనిపోయి, కంప క్రింద ఇన్నాళ్ళు దాగి బ్రతికిన గడ్డి దుబ్బులు కూడ పోవును. వాలులో ఏటా మూడవ వంతు చొప్పున తీసి, నరికిన ముళ్ళకొమ్మలను అడ్డవరుసలుగా పరచినచో మన్నును ఆపును, కంచెగను పనికివచ్చును. వేప, నల్లతుమ్మ చెట్లను ఎకరమునకు నాలుగైదు ఉంచవలెను. కోతకు వచ్చినవారికి నీడ కావలెను గదా.

వయ్యారిభామ సంగతి వేరు. 1955 ప్రాంతమున పుణెలో గుర్తించిన ఈ కలుపు నేడు లేని ఊరు లేదు. ఉత్త నేల ఎక్కడ కనబడిన అక్కడ చేరును. గడ్డి దట్టముగా కమ్మినచోట నిలువలేదు. కనుక దానికి శాశ్వతమైన మందు గడ్డియే. అంతవరకు పూత రాక ముందే, వానపడిన మరునాడు, చేతులకు తొడుగులు వేసికొని వేళ్ళతో పెరికించవలెను. ఒంటికి తగిలినచో దురదలు, దద్దురులు వచ్చును. ఎండుగడ్డిలో కలిసినచో పాలకు చేదు వచ్చును. పూత వచ్చిన తరువాత పెరికినది ఎరువు గుంటలో వేయరాదు. విత్తనము ఎరువుతో పొలమునకు చేరును.

మొదటి సంవత్సరము

కంప తీసిన తరువాత బీటిలోనికి ఒక సంవత్సరము ఒక్క గిట్టయు దిగరాదు. ఇది వినుటకు తేలిక, ఆచరించుటకు కష్టము. జూన్‌లో పడిన తొలకరికి మొలచిన లేత గడ్డిని చూచి ప్రతివారికిని నాలుగు రోజులు మేపుకొందమని తోచును. బీటికి ప్రాణము పోసికొను రోజులు అవియే. వేసవిలో ఎండిన దుబ్బు తన వేరులో దాచుకొన్న సత్తువను ఖర్చుపెట్టి తొలి ఆకులు వేయును. ఆ ఆకులు తిరిగి సంపాదించి వేరుకు ఇచ్చులోపల పశువు కొరికినచో దుబ్బు రెండవసారి అప్పు చేయవలెను. మూడవసారి దానికి అప్పు పుట్టదు. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో చేసిన కాపుదల తరువాతి కాలములో చేసిన నాలుగు నెలల కాపుదలకు సమానము.

ఈ మొదటి ఏడు మంచి గడ్డిని కోయక విత్తనము రాల్చనీయవలెను. నవంబరులో గింజ రాలిన తరువాత కోసినచో వచ్చునది పుల్లగడ్డియే. పశువుల క్రింద పరచుటకు, కప్పులకు పనికివచ్చును. ఆ సంవత్సరపు పంట ఎండుగడ్డి కాదు, నేలపై పడిన గింజ. పందిముల్లు గడ్డి గుంపులుగా ఉన్నచోట మాత్రము వెన్ను పొట్టలోనుండగనే కొడవలి వేయవలెను. దాని సూదులు గొర్రెల ఉన్నిలో, చర్మములో, పశువుల నోళ్ళలో గుచ్చుకొనుట అందరు ఎరిగినదే. పొట్టలో కోసిన పందిముల్లు గడ్డి మాత్రము మంచి మేతయే. ఇట్లు రెండు మూడేండ్లు సూది కట్టకముందే కోసినచో కొత్త విత్తనము లేక అది వెనుకబడును.

వాలునేలలో వాలుకు అడ్డముగా మూరెడు వెడల్పు, జానెడు లోతుగల చిన్న కందకములను పది పన్నెండు గజముల కొకటి చొప్పున తీసి, మన్ను క్రింది వైపు పోసినచో నీరు నిలిచి ఇంకును. ఒకదానితోనొకటి కలియనీయక ముక్కలు ముక్కలుగా తీయవలెను; ఒకచోట తెగిన నీరు కందకమంతయు పారి కాలువ కాకుండ ఉండును. గడ్డి ముందుగా దట్టమగునది ఈ కందకముల వెంటనే.

విత్తనము ఎప్పుడు, ఎట్లు

విత్తనము వేయవలసిన బీటికి చవకయైనవి రెండు: అంజన్ గడ్డి, స్టైలో. అంజన్ గడ్డి ఎర్రనేలలలోను, ఇసుక కలిసిన నేలలలోను వానకు ఓర్చి, ఎండకు ఓర్చి ఏండ్ల తరబడి నిలుచును. స్టైలో పప్పుజాతి మేత. ఎండుగడ్డిలో మాంసకృత్తులు పెంచును, తానే గింజ రాల్చుకొని మరుసటి ఏడు మొలచును. అనంతపురం ప్రాంతపు రైతులు స్టైలో విత్తనము పండించి ఇతర రాష్ట్రములకు పంపుట దశాబ్దములుగా సాగుచున్నది. కనుక మనవారు విత్తనమునకై దూరము పోనక్కరలేదు. నల్లరేగడి పల్లములలో నీరు నిలుచు చోట స్టైలో వేయవలదు. అట్టి చోట చెంగలి వంటి నాటు గడ్డియే తగినది. దాని విత్తనము అంగట దొరకదు. మంచి బీటినుండి దూసి తెచ్చుకొనవలసినదే.

ఎకరమునకు అంజన్ గడ్డి విత్తనము రెండున్నర కిలోలు, స్టైలో ఒకటి నుండి ఒకటిన్నర కిలోలు సరిపోవును. అంజన్ గింజ ఆ ఏడు కోసినది ఆ ఏడే మొలవదు. ఆరు నెలలైనను నిద్రపోవును. కనుక కొనునప్పుడు ఎప్పుడు కోసినదో అడుగవలెను. కొత్త గింజ ఎంత మెరిసినను వలదు, నిరుటి గింజయే మంచిది. దూదివలె తేలికయైన ఈ గింజ గాలికి పోవును, చేతినుండి సమముగా రాలదు. పేడ, బంకమన్ను, ఇసుక కలిపిన ముద్దలో గింజను కలిపి, శనగగింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టి చల్లుట అందుకు ఉపాయము. ఇంటి ఆడువారు, పిల్లలు కలిసి రెండు పూటలలో ఎకరమునకు సరిపడు ఉండలు చేయగలరు. ఉండలోని గింజను చీమలు ఎత్తుకొనిపోవుట కూడ తగ్గును.

స్టైలో గింజ పైపొర గట్టిది. అట్లే చల్లినచో పదింట రెండు మూడు కూడ మొలవవు. మూడు పాళ్ళు మరుగు నీళ్ళకు ఒక పాలు చన్నీళ్ళు కలిపినచో వేడి ఇంచుమించు 80 డిగ్రీలు ఉండును. గుడ్డలో వదులుగా కట్టిన గింజను ఆ నీటిలో నాలుగైదు నిమిషములు ఉంచి, వెంటనే చన్నీటిలో ముంచి తీసి, నీడన ఆరబోయవలెను. మరుగుచున్న నీటిలోనే వేసినచో గింజ ఉడుకును. గడియారము చూచి చేయవలసిన పని ఇది.

తొలకరి గట్టిగా పడి నేల జానెడు లోతు తడిసిన తరువాతనే విత్తవలెను. నాగలితో వాలుకు అడ్డముగా గజము గజమున్నర ఎడముగా పైపై చాళ్ళు వేసి, ఆ చాళ్ళలో ఉండలు చల్లి, ముళ్ళకంప కట్టను ఒకసారి ఈడ్చినచో చాలును. గింజపై మన్ను అర అంగుళము మించరాదు. బీడంతయు లోతుగా దున్ని ఉన్న గడ్డిని పెల్లగించుట ఎంతమాత్రము వలదు. స్టైలో మొలక చాల చిన్నది, మొదటి నెలన్నర కలుపులో కనబడదు. అది రాలేదని తొందరపడి మరల దున్నరాదు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మొదటి ఏడు నత్రజని వేసినచో కలుపే తినును. రెండవ ఏటినుండి ఎకరమునకు 50 కిలోల సూపరు ఫాస్ఫేటు తొలకరిలో వేసి, గడ్డి కమ్మిన పిమ్మట జులై నెలలో వాన పడిన మరునాడు 35 కిలోల యూరియా చల్లినచో 8 కిలోల భాస్వరము, 16 కిలోల నత్రజని అందును. స్టైలో బాగుగా వచ్చినచోట యూరియా సగము చాలును. చివికిన పశువుల ఎరువు మిగిలినచో కందకముల వెంట వేయవలెను.

కోత

బీళ్ళు పాడగుటకు మేపు ఒక కారణమైన, కోత రెండవ కారణము. ఈ సంగతి చెప్పినచో పలువురు ఒప్పుకొనరు, కాని ఎండుగడ్డి విలువ అంతయు కోసిన దినముపై ఆధారపడియున్నది. మన నాటు గడ్డి సగము పూత వచ్చిన సమయమున కోసినచో ఎండుగడ్డిలో మాంసకృత్తులు నూటికి అయిదారు పాళ్ళు ఉండును. అదే గడ్డిని సంక్రాంతి నాటికి నిలువున ఎండనిచ్చి కోసినచో రెండున్నర, మూడు పాళ్ళకు దిగును. అనగా వరిగడ్డికన్న హీనము. చూచుటకు వామి పెద్దదిగనే ఉండును. పశువు నమలి నమలి వదలివేయును.

ఇది తెలిసియు రైతు ఎందుకు ఆలస్యము చేయుచున్నాడు? సోమరితనము వలన కాదు. గడ్డి పూతకు వచ్చు రోజులు, వాన రోజులు ఒకటే అగుట వలన. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట గడ్డి పూతకు వచ్చును. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో ఆ వెనుకనే ఈశాన్య ఋతుపవనము వచ్చును. స్వాతి, విశాఖ కార్తెలలో తుపానులు. కోసిన గడ్డి తడిసి నల్లబడునని భయపడి వానలు వెళ్ళువరకు ఆగుదురు. ఆగినచో గడ్డి పుల్ల అగును. రెంటిలో ఏది మేలు అని అడిగినచో, ఒకసారి తడిసి ఆరిన పూతగడ్డి కూడ సంక్రాంతి పుల్లగడ్డికన్న మేలని మేము చెప్పుదుము. అయితే కుళ్ళిన గడ్డి మాత్రము దేనికిని పనికిరాదు, పశువుకు హాని.

కనుక బీడంతయు ఒక్కసారి కోయవలెనను పట్టుదల విడువవలెను. ఐదెకరముల బీడున్నచో ఒకటి ఒకటింబావు ఎకరము చొప్పున నాలుగు ముక్కలు చేసికొని, వాతావరణ శాఖ ఇచ్చు ఐదు రోజుల ముందుసూచన చూచుకొని, వాన తెరిపి కనబడినప్పుడెల్ల ఒక ముక్క కోయవలెను. ఉత్తర, హస్త కార్తెలలో ఇట్టి తెరిపి మూడు నాలుగు రోజులు దొరకుట కలదు. కోయదగినంతకన్న ఎక్కువ కోయకుండుట, కోసినదానిని ఆ తెరిపిలోనే ఇల్లు చేర్చుట ఇందలి కిటుకు. తెలంగాణములోను, రాయలసీమ పడమటి భాగములోను అక్టోబరు నడిమికి సామాన్యముగా ఆకాశము తేటపడును. అక్కడి రైతుకు ఆలస్యమునకు ఈ సాకు లేదు.

మంచు ఆరిన తరువాత ఉదయము తొమ్మిది గంటలకు కోత మొదలిడి, నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తు మోడు వదలి కోయవలెను. నున్నగా గీసినచో చూపునకు బాగుండును గాని దుబ్బు తిరిగి పిలకలు వేయు చోటు అదియే. నేడు కూలి దొరకక పలువురు బ్రష్ కట్టరు వాడుచున్నారు, తప్పు లేదు. దాని బిళ్ళ నేలకు తగులకుండ పట్టుకొనువాడు కావలెను.

పచ్చిగడ్డిలో నూటికి డెబ్బదికి మించి నీరుండును. వామి వేయునాటికి అది పదునైదుకు దిగవలెను. మూడున్నర టన్నుల పచ్చిగడ్డి ఆరి ఒక టన్ను అగును. కోసిన పనలను మొదటి మధ్యాహ్నము ఒకసారి తిరగవేసి, సాయంకాలము చిన్న కుప్పలుగా చేర్చి, మరునాడు మంచు ఆరిన పిదప విప్పి పరచవలెను. స్టైలో కలిసిన గడ్డిని మిట్టమధ్యాహ్నము కదల్చరాదు. ఆకంతయు రాలి కాడ మిగులును, ఆకులోనే బలమున్నది. ఉదయము కొంచెము మెత్తగా ఉండగనే తిరగవేయవలెను. నేల తడిగానున్నచో మూడు వాసములను పైన కలిపి కట్టి, నడుమ అడ్డుకర్రలు కట్టి, వానిపై గడ్డి వ్రేలాడవేసినచో క్రిందినుండి గాలియాడి త్వరగా ఆరును. చినుకులు పడినను పైపొర మాత్రమే తడియును. వాన ప్రాంతములవారు ఇట్టి వాసములు పది పదునైదు జతలు సిద్ధముగా ఉంచుకొనవలెను.

ఆరినదో లేదో తెలియుటకు ఒక పిడికెడు గడ్డిని తాడువలె మెలిపెట్టవలెను. తేమ చేతికి తగిలినచో ఇంకను కావలెను. పిండిపిండియైనచో మించినది. చిటచిటమని విరిగి, రంగు మాత్రము పచ్చగానే ఉన్నచో అదియే అదను. కణుపును గోటితో గీకి చూచుట ఇంకను మంచిది. కణుపే చివర ఆరునది. పచ్చి ఆరకుండ వామి వేసినచో లోపల ఉడికి బూజు పట్టును. వేడి మించినచో తనంతట తాను అంటుకొనుట కూడ కలదు. అనుమానమున్నచో వామిలోనికి ఇనుపగునపము గ్రుచ్చి అరగంట తరువాత తీసి పట్టుకొని చూడవలెను. చేయి పట్టలేనంత వేడిగానున్నచో ఆలస్యము చేయక వామి విప్పవలెను. ఆ సమయమున ప్రక్కన నీళ్ళు సిద్ధముగా ఉండవలెను.

వామి అడుగున రాళ్ళు పేర్చి, వానిపై మోడు కట్టెలు పరచి, మూరెడు ఎత్తు చేసినచో చెదలు, తేమ రావు. కప్పునకు బోదగడ్డి మంచిది. దొరకనిచో టార్పాలిను వేసి, లోపలి ఆవిరి పోవుటకు కొసలు కొంచెము ఎత్తి కట్టవలెను.

కోసిన తరువాత వచ్చిన పిలక గడ్డిని రెండవ ఏటినుండి పలుచగా మేపుకొనవచ్చును. నాలుగు వ్రేళ్ళ ఎత్తుకు దిగగనే పశువులను తోలివేయవలెను. వేసవిలో "కొత్త చిగురు వచ్చును" అని నిప్పు పెట్టు వాడుక మాత్రము పూర్తిగా మానవలెను. చిగురు వచ్చునది నిజమే. నెండ్ర చిగురు కాదు, పందిముల్లు చిగురు. బీటి చుట్టును రెండు బారల వెడల్పున గడ్డి చెక్కి శుభ్రము చేసినచో దారినపోవువాడు పడవేసిన బీడీ లోనికి ప్రాకదు.

ఊరుమ్మడి బీళ్ళు

ఇంతవరకు చెప్పినది సొంత పట్టా బీడు కలవారికి. ఊరుమ్మడి మేతబీడు విషయములో గడ్డికన్న మనుష్యుల పని ఎక్కువ. పూర్వము బందెలదొడ్డి ఉండెడిది, కావలివాడు ఉండెడివాడు. బీటిలో పడిన పశువును దొడ్డికి తోలినచో యజమాని జరిమానా కట్టి విడిపించుకొనెడివాడు. అది లేనిచోట కాపుదల ఎవరిపని అను ప్రశ్న వచ్చును. పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవిన్యూ సిబ్బంది ముందుగా చేయవలసినది బీటి సరిహద్దులు కొలిపించి రాళ్ళు వేయించుట. ఆక్రమణలున్నచో ఆ రోజే బయటపడును. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు గ్రామపు ఉమ్మడి భూములలోని అక్రమ ఆక్రమణలు తొలగించి గ్రామమునకు అప్పగించు ఏర్పాట్లు చేయవలసినదని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. అధికారులకు ఆ తీర్పు అండగా నిలుచును.

కాని ఒక హెచ్చరిక. బీడంతయు ఒక్కసారి మూసినచో మొదట నష్టపడునది ఊరిలోని పెద్ద రైతు కాదు. నాలుగు మేకలున్న ఇల్లాలు, గొర్రెల మందపై బ్రతుకు కాపరి. వారికి వేరు దారి చూపక మూసిన కంచె ఆరు నెలలు నిలువదు, నిలువవలెనని కోరుట కూడ న్యాయము కాదు. కనుక బీటిని మూడు భాగములు చేసి ఒక భాగమే మూసి, తక్కిన రెండు మేపునకు విడువవలెను. మొదటిది కోలుకొన్న తరువాత రెండవది మూయవలెను. మొత్తము తొమ్మిదేండ్లు పట్టినను పట్టుగాక. ఏ భాగము ఎప్పుడు మూయవలెనో గ్రామసభలో గొర్రెల కాపరులను పిలిచి, వారి మాట విని నిర్ణయించినచో కావలి ఖర్చు సగము తగ్గును. బీటిలో రాత్రింబగళ్ళు తిరుగువారు వారే గదా.

గడ్డిని వేలము వేసి ఒక్కనికే ఇచ్చు పద్ధతి పంచాయతీకి సులువు. పాటదారుడు మాత్రము ఒక్క సంవత్సరపు లాభమే చూచును. నేలకు గీసి కోయును, తనకు కూలి చవకగా దొరికినప్పుడే కోయును. దానికన్న ఇంటికి ఇంత అని ముక్కలు పంచి, కోసుకొనుటకు పది రోజులు గడువిచ్చి, మోపునకు స్వల్ప రుసుము తీసికొని, ఆ డబ్బును కావలివానికి, విత్తనమునకు వాడుట మంచిది. పశువులు లేని కూలివారికి కూడ ముక్క ఇవ్వవలెను. వారు కోసి అమ్ముకొందురు.

లెక్క విషయము. పెద్ద పశువునకు వరిగడ్డితోపాటు దినమునకు 5 కిలోల మంచి ఎండుగడ్డి వేసినచో మార్చి నుండి జూన్ వరకు 120 దినములకు 600 కిలోలు కావలెను. పాడుపడిన బీటిలో ఎకరమునకు అర టన్ను రాలుటయు కష్టము. మూడవ ఏడు వానలు సరిగా పడి ఎకరమునకు ఒక టన్ను వచ్చినదనుకొన్నను, ఐదెకరముల బీడు ఎనిమిది పశువులను వేసవి దాటించును. వాన తక్కువైన ఏడు ఐదింటినైన దాటించును. ఆ ఏడు గడ్డి కొనవలసివచ్చినను అక్కర సగమే ఉండును. అమ్మువాడు చెప్పిన ధరకు తల ఊపవలసిన పని రాదు.

ప్రతి సంవత్సరము బీటిలో మంచి గడ్డి దట్టముగానున్న ఒక పట్టె, ఐదెకరములకు పది సెంట్లు, కోయకుండ విత్తనమునకు విడువవలెను. గింజ ఒక్కసారి పండదు. పై గింజ రాలుచుండగా క్రింది గింజ పాలు పట్టుచుండును. అందుచే వెన్నులు కోయక, వారమున కొకసారి చొప్పున మూడు సార్లు వెన్నును చేతితో దూసి సంచిలో వేసికొనవలెను. నీడన వారము రోజులు ఆరబోసి, గోనెసంచిలో పోసి, ఎలుకలు అందకుండ దూలమునకు వ్రేలాడదీయవలెను. సంచికి ఏ బీటిలో ఏ నెల దూసినదో చీటీ కట్టినచో మరుసటి తొలకరికి ఏ సంచి విప్పవలెనో వెదకుకొననక్కరలేదు.